ఇసుక తిన్నెల ఉష్ణోగ్రత

ఇసుక తిన్నెల ఉష్ణోగ్రత పగటికీ రాత్రికీ మధ్య ఎంతో మార్పు చెందుతుంది. వేసవి మధ్యాహ్నం కాలు మోపలేనంతగా కాలే ఇసుక, మరునాటి తెల్లవారుజామున చల్లగా తగులుతుంది. అయితే ఈ మార్పు తిన్నె పైపొరకే పరిమితం. మూరెడు లోతున పగటి ఉష్ణోగ్రతకూ రాత్రి ఉష్ణోగ్రతకూ తేడా దాదాపు ఉండదు. పొడి ఇసుక సూర్యుని వేడిని త్వరగా గ్రహిస్తుంది కానీ లోపలికి పోనివ్వదు. పైన తీవ్రమైన హెచ్చుతగ్గులు, లోపల స్థిరత్వం అనే ఈ లక్షణం మీదనే తీరప్రాంతపు మొక్కలు, సముద్రపు తాబేళ్ళు, మంచినీటి దొరువులు ఆధారపడి ఉన్నాయి.

## ఆంధ్ర తీరంలోని తిన్నెలు

గాలి మోసుకువచ్చిన ఇసుక ఏదైనా అడ్డంకి వద్ద ఆగి, గుట్టగా పేరుకున్నప్పుడు ఇసుక తిన్నె ఏర్పడుతుంది. వీటిని ఇసుక దిబ్బలు అని కూడా అంటారు. ఎడారులలోనే కాక సముద్ర తీరాలలో, పెద్ద నదుల ఒడ్డున కూడా ఇవి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా నుండి తిరుపతి జిల్లా వరకు తీరం పొడవునా అనేక చోట్ల తిన్నెలు ఉన్నాయి. బాపట్ల, చీరాల ప్రాంతాలలోను, కృష్ణా, గోదావరి డెల్టాల అంచులలోను, శ్రీహరికోట దీవిలోను ఇవి వరుసలుగా కనిపిస్తాయి.

విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు వేల సంవత్సరాల నాటి ఇసుక మేటలు. ఇసుక రేణువుల మీద ఇనుము ఆక్సైడు పూతగా ఏర్పడినందువలన ఇవి ఎర్రగా ఉంటాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో వీటి పేరు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది.

తెలంగాణ పీఠభూమికి సముద్ర తీరం లేదు. సికింద్రాబాదు పరిసరాలలో తిన్నెలకు బదులు గ్రానైటు గుట్టలు ఉన్నాయి. ఇసుకలో అధిక భాగమైన క్వార్ట్జ్ రేణువులు గ్రానైటు వంటి శిలలు శిథిలమైనప్పుడే పుడతాయి. కనుక ఒకే పదార్థం రాయిగా ఉన్నప్పుడు, ఇసుకగా మారిన తరువాత ఎంత భిన్నంగా వేడెక్కుతుందో తెలుసుకోవడానికి ఈ రెండింటి పోలిక ఉపకరిస్తుంది.

## వేడెక్కే విధానం

మేఘాలు లేని రోజు మధ్యాహ్నం భూమి మీద ఒక చదరపు మీటరు స్థలంపై సుమారు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. లేత రంగుగల పొడి ఇసుక ఇందులో 35 నుండి 40 శాతం వరకు తిరిగి ఆకాశంలోకి పరావర్తనం చేస్తుంది. మిగిలిన 600 వాట్లకు పైబడిన శక్తిని గ్రహిస్తుంది. ముదురు రంగు ఇసుక ఇంకా ఎక్కువ గ్రహిస్తుంది. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాలలో ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాలు కలిసిన నల్లని చారలు ఇసుకలో కనిపిస్తాయి. ఎండలో ఇటువంటి నల్లని ఇసుక పక్కనున్న తెల్లని ఇసుక కంటే ఎక్కువగా కాలుతుంది.

గ్రహించిన శక్తి మూడు మార్గాలలో ఖర్చవుతుంది.

* కొంత వేడి ఇసుకను ఆనుకొని ఉన్న గాలికి చేరుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది.
* కొంత పరారుణ వికిరణ రూపంలో ఆకాశానికి పోతుంది.
* మిగిలినది ఉష్ణవహనం ద్వారా ఇసుక లోపలికి దిగుతుంది.

ఇసుకలో తేమ ఉంటే నీరు ఆవిరి కావడం అనే నాలుగవ మార్గం కూడా ఏర్పడుతుంది.

పొడి ఇసుకలో మూడవ మార్గం చాలా ఇరుకైనది. క్వార్ట్జ్ స్వతహాగా మంచి ఉష్ణవాహకమే. కానీ ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య స్పర్శ చిన్న బిందువుల వద్ద మాత్రమే ఉంటుంది. మొత్తం ఘనపరిమాణంలో సుమారు 40 శాతం గాలి నిండిన ఖాళీలే. కదలని గాలి వేడిని అతి తక్కువగా ప్రసరింపజేస్తుంది. చలికాలంలో కంబళి ఒంటి వేడిని బయటికి పోనివ్వకపోవడానికి కారణం కూడా పోగుల మధ్య చిక్కుకున్న గాలియే. ఎండలోని తిన్నె ఇటువంటి కంబళి కప్పుకున్నట్లే ఉంటుంది. దాని మీద పడిన వేడి పైపొరలోనే నిలిచిపోయి, కొద్దిపాటి ఇసుకనే బాగా కాలుస్తుంది.

ఈ సంగతిని వేరుశనగకాయలు వేయించే బండి వద్ద గమనించవచ్చు. బాణలిలోని ఇసుకను గరిటెతో నిరంతరం తిరగవేస్తూ ఉంటారు. కలపడం ఆపితే అడుగు ఇసుక మాడిపోయేంత వేడెక్కినా, పైనున్న ఇసుకకు ఆ వేడి త్వరగా అందదు. తిన్నెలో మంట పైన ఉంటుంది, ఇసుకను తిరగవేసే గరిటె ఉండదు.

వేసవిలో పొడి ఇసుక ఉపరితలం 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటగలదు. వాతావరణ కేంద్రాలు ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో, నేలకు ఒకటి రెండు మీటర్ల ఎత్తున కొలిచిన గాలి ఉష్ణోగ్రత. కనుక గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలని చెప్పిన రోజున ఇసుక ఉష్ణోగ్రత కూడా అంతే ఉంటుందని అనుకోరాదు. ఇరాన్‌లోని లూత్ ఎడారి ఉపరితలం 80.8 డిగ్రీల వరకు వేడెక్కినట్లు ఉపగ్రహ కొలతల ఆధారంగా 2021లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

తిన్నె వాలు కూడా ముఖ్యమే. ఆంధ్ర తీరంలో సముద్రం వైపు వాలు ఉదయం ఎండను ముందుగా అందుకుంటుంది. పడమటి వాలు మధ్యాహ్నం తరువాత వేడెక్కుతుంది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి దక్షిణపు వాలుకు ఎండ ఎక్కువ. బాపట్ల అక్షాంశంలో మే మొదటి వారంలోను, ఆగస్టు మొదటి పక్షంలోను సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగా నడినెత్తికి వస్తాడు.

## చల్లబడే విధానం

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి వికిరణ రూపంలో శక్తిని వెలువరిస్తుంది. స్టీఫన్-బోల్ట్‌జ్‌మన్ నియమం ప్రకారం ఈ శక్తి పరమ ఉష్ణోగ్రత నాల్గవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 60 డిగ్రీల వద్దనున్న ఇసుక చదరపు మీటరుకు 600 వాట్లకు పైగా వెలువరిస్తుంది. 27 డిగ్రీలకు చల్లబడిన ఇసుక వెలువరించేది 400 వాట్లకు కొంచెం ఎక్కువ. అంటే ఇసుక ఎంత వేడిగా ఉంటే అంత వేగంగా శక్తిని కోల్పోతుంది.

మధ్యాహ్నం దాటిన తరువాత ఎండ తగ్గుతుంటే, వచ్చే శక్తి కంటే పోయే శక్తి ఎక్కువవుతుంది. పైపొరలో నిలువయున్న వేడి స్వల్పమే కాబట్టి అది త్వరగా ఖర్చయిపోతుంది. లోపలి నుండి పైకి వేడి రావడానికి పగలు అడ్డుపడిన గాలి ఖాళీలే రాత్రి కూడా అడ్డుపడతాయి. అందువలన సూర్యాస్తమయం తరువాత ఇసుక శీఘ్రంగా చల్లబడుతుంది. తెల్లవారుజామున ఇసుక ఉపరితలం దాని పైనున్న గాలి కంటే చల్లగా ఉండి, గాలిలోని తేమ మంచు బిందువులుగా దాని మీద నిలుస్తుంది.

రాత్రి ఎంత చల్లబడుతుందనేది ఆకాశాన్ని బట్టి కూడా ఉంటుంది. మేఘాలు, నీటి ఆవిరి నేల నుండి వెలువడిన వికిరణంలో కొంత భాగాన్ని గ్రహించి తిరిగి కిందికి పంపుతాయి. థార్ ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కనుక రాత్రివేళ ఇసుక ఎక్కువగా చల్లబడుతుంది. బంగాళాఖాతపు తేమ నిండిన కోస్తాలో తిన్నెలు అంతగా చల్లబడవు.

## లోతును బట్టి ఉష్ణోగ్రత

పగటి వేడి ఇసుకలోకి ఒక అలవలె దిగుతుంది. దిగే కొద్దీ ఆ అల బలహీనపడుతుంది, ఆలస్యమవుతుంది కూడా. పొడి ఇసుకలో ప్రతి 8 సెంటీమీటర్ల లోతుకు హెచ్చుతగ్గుల పరిమాణం సుమారు మూడవ వంతుకు పైచిలుకుగా, అంటే 37 శాతానికి తగ్గుతుంది. ఉదాహరణకు ఉపరితలం తెల్లవారుజామున 26 డిగ్రీలు, మధ్యాహ్నం 60 డిగ్రీలు ఉన్నదనుకుంటే రోజు మొత్తంలో తేడా 34 డిగ్రీలు. పూర్తిగా పొడిగా ఉన్న ఇసుకలో ఈ తేడా లోతును బట్టి ఇలా తగ్గుతుంది.

* ఉపరితలం వద్ద: 34 డిగ్రీలు
* 8 సెంటీమీటర్ల లోతున: 12 నుండి 13 డిగ్రీలు
* 16 సెంటీమీటర్ల లోతున: 4 నుండి 5 డిగ్రీలు
* 25 సెంటీమీటర్ల లోతున: సుమారు ఒకటిన్నర డిగ్రీ

25 సెంటీమీటర్ల లోతున మరొక విశేషం కూడా ఉంది. అక్కడికి వేడి చేరడానికి సుమారు 12 గంటలు పడుతుంది. కనుక పైన ఇసుక బాగా చల్లబడిన అర్ధరాత్రి దాటిన సమయంలో ఆ లోతున అత్యధిక ఉష్ణోగ్రత నమోదవుతుంది. మధ్యాహ్నం పైన మండుతున్నప్పుడు అక్కడ అత్యల్ప ఉష్ణోగ్రత ఉంటుంది.

ఋతువుల వలన కలిగే మార్పు నిదానమైనది కాబట్టి మరింత లోతుకు పోతుంది. అదే లెక్క ప్రకారం ఒక సంవత్సరకాలపు అల, ఒక రోజు అల కంటే సుమారు 19 రెట్లు లోతుకు దిగుతుంది. కొన్ని మీటర్ల లోతుకు చేరేసరికి వేసవి, చలికాలాల తేడా కూడా చాలావరకు తగ్గిపోయి, ఆ ప్రాంతపు సంవత్సర సగటుకు దగ్గరగా ఉష్ణోగ్రత నిలుస్తుంది. బావి నీరు వేసవిలో చల్లగాను, చలికాలంలో గోరువెచ్చగాను తోచడానికి కారణం ఇదే. నీటి ఉష్ణోగ్రత పెద్దగా మారదు, బయటి గాలి మారుతుంది.

## తేమ ప్రభావం

తడి ఇసుక పొడి ఇసుక కంటే ముదురు రంగులో ఉంటుంది. అందుచేత ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది. అయినప్పటికీ తడి ఇసుక మీద నడిస్తే కాళ్ళు కాలవు. దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. ఒక కిలోగ్రాము నీరు ఆవిరైపోతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి ఖర్చవుతుంది. వేసవిలో మంచినీటి కుండను తడి ఇసుక మీద ఉంచే అలవాటు వెనుకనున్న సూత్రం ఇదే.

రెండవది, నీటి విశిష్టోష్ణం ఎక్కువ. ఒక ఘనపు మీటరు పొడి ఇసుకను ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 13 లక్షల జౌళ్ళు చాలు. ఖాళీలన్నీ నీటితో నిండిన ఇసుకకు సుమారు 30 లక్షల జౌళ్ళు అవసరం.

మూడవది, రేణువుల మధ్య గాలి స్థానంలో నీరు చేరడంతో వేడి లోపలికి సులభంగా పోతుంది. పూర్తిగా తడిసిన ఇసుక ఉష్ణవాహకత్వం పొడి ఇసుకకు ఆరేడు రెట్లు ఉంటుంది.

వాన వెలిసిన తరువాత తిన్నె పైభాగం త్వరగా ఆరిపోతుంది. ఆరిన కొద్ది సెంటీమీటర్ల ఇసుక కింది తేమకు మూతవలె పనిచేస్తుంది. వేడిని లోపలికి పోనివ్వకపోవడమే కాక, లోపలి నీటిని కేశనాళికల ద్వారా పైకి రానివ్వదు. అందుకే మండువేసవిలో కూడా తిన్నెను చేతితో కొంత తవ్వితే చెమ్మ తగులుతుంది.

## సముద్రపు గాలితో సంబంధం

పగలు ఇసుక నేల త్వరగా వేడెక్కగా, సముద్రపు నీటి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలకు మించి మారదు. నేల మీది వేడిగాలి పైకి లేచినప్పుడు, ఆ స్థానంలోకి సముద్రం మీది చల్లని గాలి వస్తుంది. ఇదే సముద్రపు గాలి. రాత్రి నేల సముద్రం కంటే చల్లబడినందున గాలి నేల నుండి సముద్రం వైపు వీస్తుంది. ఇందులో తీరాన్ని ఆనుకొని ఉన్న తిన్నెల పాత్ర కొంతే, వాటి వెనుకనున్న విశాలమైన భూభాగం పాత్ర ఎక్కువ.

మే నెలలో పడమటి నుండి పొడిగాలులు బలంగా వీచిన రోజులలో సముద్రపు గాలి ఆలస్యమవుతుంది. ఆ రోజులలో బాపట్ల, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో కూడా వడగాడ్పులు ప్రాణాంతకమవుతాయి. తిన్నె మీది ఇసుకకు కూడా గాలి ద్వారా చల్లబడే అవకాశం తగ్గిపోతుంది.

## సికింద్రాబాదు గ్రానైటుతో పోలిక

సికింద్రాబాదు సమీపంలోని మౌలాలి గుట్ట ఒక పెద్ద గ్రానైటు శిల. గ్రానైటులో గాలి ఖాళీలు దాదాపు ఉండవు. దాని ఉష్ణవాహకత్వం పొడి ఇసుకకు సుమారు తొమ్మిది రెట్లు. ఒక ఘనపు మీటరు గ్రానైటు వేడెక్కడానికి కావలసిన శక్తి కూడా ఎక్కువ, సుమారు 21 లక్షల జౌళ్ళు. పగటి వేడి అల ఇసుకలో 8 సెంటీమీటర్ల వద్ద ఎంత బలహీనపడుతుందో, గ్రానైటులో సుమారు 19 సెంటీమీటర్ల వద్ద అంత బలహీనపడుతుంది.

ఉష్ణోగ్రత మార్పును ఎదిరించే ఈ గుణాన్ని ఉష్ణ జడత్వం అంటారు. గ్రానైటు ఉష్ణ జడత్వం పొడి ఇసుకకు సుమారు నాలుగు రెట్లు. నీటితో నిండిన ఇసుక ఉష్ణ జడత్వం కూడా దాదాపు గ్రానైటుతో సమానమే. అందువలన బండరాయి మధ్యాహ్నం ఇసుక అంతగా కాలకపోయినా, పగలంతా లోపల వేడిని కూడబెట్టుకొని చీకటి పడిన తరువాత చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. సిమెంటు కాంక్రీటు స్వభావం గ్రానైటుకు దగ్గరగా ఉంటుంది. నగరంలోని మిద్దె ఇళ్ళు వేసవి రాత్రులు సెగలు కక్కుతుంటే, తీరంలోని ఇసుక పడుకోవడానికి వీలుగా చల్లబడటానికి ఈ తేడాయే ముఖ్య కారణం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగునాట సామెత ఉంది. ఎండకు రాళ్ళు పగిలి ఇసుకగా మారతాయని పాఠ్యపుస్తకాలు కూడా చాలాకాలం బోధించాయి. 1936లో అమెరికా భూవిజ్ఞాని డేవిడ్ గ్రిగ్స్ గ్రానైటు ముక్కను వేల పర్యాయాలు వేడి చేసి, చల్లార్చి చూశాడు. పొడిగా ఉన్నంతవరకు దానిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. నీటితో చల్లార్చినప్పుడు మాత్రం రాయి శిథిలం కావడం మొదలైంది. కనుక గ్రానైటు ఇసుకగా మారడంలో ఎండ కంటే నీటి పాత్రే పెద్దదని భావిస్తారు.

హైదరాబాదు, సికింద్రాబాదు పరిసరాలలో శిథిలమైన గ్రానైటు రేణువులు వాగుల ద్వారా మూసీ నదిలోకి చేరతాయి. మూసీ వాడపల్లి వద్ద కృష్ణా నదిలో కలుస్తుంది. కృష్ణానది హంసలదీవి వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. తీరంలోని తిన్నెలకు ఇసుక ఈ విధంగా నదుల ద్వారానే చేరింది. నదులపై నిర్మించిన జలాశయాలు ప్రస్తుతం ఈ ఇసుకలో చాలా భాగాన్ని మధ్యలోనే ఆపివేస్తున్నాయి.

## జీవులపై ప్రభావం

తిన్నెల మీద పెరిగే మొక్కలు పైపొర వేడిని తట్టుకొని, లోపలి తేమను అందుకునే విధంగా ఉంటాయి. రావణాసురుని మీసాలుగా పిలిచే గడ్డి, మేక గిట్టను పోలిన ఆకులుగల తీగ ఇసుకను కప్పి నీడనిస్తాయి. ఇసుక పీతలు పగలు బొరియలలో గడిపి, ఇసుక చల్లబడిన తరువాత బయటికి వస్తాయి.

ఇసుక ఉష్ణోగ్రత మీద పూర్తిగా ఆధారపడిన జీవి ఆలివ్ రిడ్లే తాబేలు. ఆడ తాబేళ్ళు ముఖ్యంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు రాత్రివేళ ఆంధ్ర తీరానికి వచ్చి, ఇసుకలో సుమారు మూరెడు లోతున గొయ్యి తవ్వి వంద వరకు గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. తల్లి పొదగదు, ఇసుకే పొదుగుతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. పైన పగటికీ రాత్రికీ ముప్పై డిగ్రీల తేడా ఉన్నా, గుడ్లు ఉన్న లోతున ఒక్క డిగ్రీ తేడా కూడా ఉండదు. ఆ లోతు లేకపోతే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి.

పిల్ల ఆడదా, మగదా అన్నది కూడా ఇసుక వేడియే నిర్ణయిస్తుంది. పొదిగే కాలంలో నడిమి మూడవ వంతులో గూటి ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు ఉంటే ఆడ, మగ పిల్లలు ఇంచుమించు సమానంగా పుడతాయి. అంతకంటే వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువవుతాయి. ఒకటి రెండు డిగ్రీల తేడాయే నిష్పత్తిని తారుమారు చేయగలదు. గూడు 34, 35 డిగ్రీలు దాటి చాలాకాలం ఉంటే పిండాలు చనిపోయే ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగానికి చెందిన పచ్చ తాబేళ్ళలో, యుక్తవయస్సు రానివాటిలో 99 శాతం ఆడవేనని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

గూటి లోతు తాబేళ్ళను రోజువారీ వేడి నుండి కాపాడుతుంది కానీ, సంవత్సరాల తరబడి పెరిగే సగటు ఉష్ణోగ్రత నుండి కాపాడలేదు. నిదానంగా వచ్చే మార్పు లోతుకు పోతుందన్న సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఆంధ్ర తీరంలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లను సేకరించి, కంచె వేసిన హేచరీలలో తిరిగి పాతిపెడుతున్నాయి. ఇటువంటి చోట్ల సహజమైన గూటి లోతును పాటించడం, అవసరమైనప్పుడు నీడ కల్పించడం చాలా ముఖ్యం.

## దొరువులు, తిన్నెల రక్షణ

తిన్నెలలో ఇంకిన వాన నీరు, ఉప్పునీటి కంటే తేలికైనందున దాని మీద మంచినీటి పొరగా నిలుస్తుంది. కోస్తా రైతులు ఇసుకలో దొరువులు అనే లోతు తక్కువ గుంటలు తవ్వి, ఆ నీటిని కుండలతో తోడి పైర్లకు, నారుమళ్ళకు పోసేవారు. దొరువులను మెరుగుపరిచే పద్ధతులపై బాపట్లలో పరిశోధనలు జరిగాయి. పైనున్న పొడి ఇసుక పొర ఈ నీటిని ఎండ నుండి కాపాడుతుంది.

ఇసుక తవ్వకాలు, లేఅవుట్ల కోసం చదును చేయడం వలన తిన్నె ఎత్తు తగ్గితే, పైకి కనబడే ఇసుక మునుపటిలాగే ఉంటుంది కానీ దాని కింద చల్లగా, తేమగా ఉండే మందం తగ్గిపోతుంది. మంచినీటి పొర పలుచబడుతుంది. తాబేళ్ళకు గూడు పెట్టే చోటు కరవవుతుంది. తిన్నెల మీద దట్టంగా పెంచే సరుగుడు తోటల వలన నీడ పెరిగి ఇసుక చల్లబడినా, తాబేళ్ళకు కావలసిన ఆరుబయటి ఇసుక తగ్గిపోతుంది.

## విద్యార్థులకు ఒక పరిశీలన

తిన్నెలు లేని ఊళ్ళలో కూడా ఈ విషయాన్ని పరీక్షించవచ్చు. ఇంటి నిర్మాణానికి తెచ్చిన ఇసుకను ఎండలో బాగా ఆరనిచ్చి, అర మీటరు ఎత్తున కుప్పగా పోయాలి. ఒక ఉష్ణమాపకాన్ని ఉపరితలాన్ని తాకేలా, ఒకదానిని 10 సెంటీమీటర్ల లోతున, మరొకదానిని 25 సెంటీమీటర్ల లోతున ఉంచాలి. 100 డిగ్రీల వరకు కొలిచే ప్రయోగశాల ఉష్ణమాపకాలు దీనికి సరిపోతాయి. జ్వరం చూసే ఉష్ణమాపకాలు వాడరాదు. ఉదయం ఆరు గంటల నుండి ప్రతి రెండు గంటలకు ఒకసారి మరునాటి ఉదయం వరకు కొలతలు వ్రాసి, గ్రాఫు గీయాలి. మూడు రేఖల ఎత్తు వేరువేరుగా ఉండటమే కాక, వాటి శిఖరాలు వేరువేరు సమయాలలో రావడం కనిపిస్తుంది. పక్కనే మరొక కుప్పను నీటితో తడిపి ఇదే విధంగా కొలిస్తే తేమ ప్రభావం కూడా తెలుస్తుంది.

## ఇవి కూడా చూడండి

* ఎర్రమట్టి దిబ్బలు
* ఆలివ్ రిడ్లే తాబేలు
* ఉష్ణవహనం
* వికిరణం
* సముద్రపు గాలి
* గ్రానైటు